బట్టమేక పిట్ట: దేహం, గమనం, తీగ

జంతువు దేహాన్ని చూచి దాని నడకను ఊహించవచ్చును. నడకను చూచి అది ఎటువంటి నేలమీద పుట్టి పెరిగిన జాతియో చెప్పవచ్చును. సంతలో కోడెను కొనే రైతు గిట్టను, మూపును, తొడను తడిమి చూచి బేరమాడడంలో ఉన్నది ఈ శాస్త్రమే. రైతు ఆ కోడె రేపు ఎంత బరువు లాగగలదో తెలుసుకోగోరుతాడు. జీవశాస్త్రజ్ఞుడు అవే ఎముకలను, కండరాలను చూచి లక్షల సంవత్సరాల వెనుక ఆ జాతి ఎక్కడ తిరిగినదో, దేనికి భయపడినదో, దేనిని తిని బ్రతికినదో తెలుసుకోగోరుతాడు.

ఈ విషయాన్ని పది జంతువులను వరుసగా పేర్కొని చెప్పవచ్చును గాని, అట్లా చెప్పినవి చెవికి ఇంపుగా ఉండి మరునాటికి మరపునకు వస్తాయి. ఒక్క పక్షిని తీసుకొని దాని కాలి వ్రేళ్ళ నుండి కంటి వరకు పరిశీలించడం మేలు. ఆ పక్షి మన తెలుగునేలకు కొత్తది కాదు. దాని పేరు బట్టమేక పిట్ట. రాజస్థాన్‌లో గోడావణ్ అంటారు, మహారాష్ట్రలో మాళఢోక్ అంటారు. మీటరు ఎత్తున నిలిచే పక్షి. గోధుమరంగు వీపు, తెల్లని పొడుగాటి మెడ, నల్లని టోపీ పెట్టినట్లు నడినెత్తి. మగపక్షి పదిహేను కిలోగ్రాముల వరకు తూగుతుంది. ఆడుది అందులో సగమైనా ఉండదు. పేరులో పిట్ట ఉన్నది గదా అని పిచ్చుకంత దానిని ఊహించుకోరాదు.

నంద్యాల జిల్లాలో, అనగా 2022 వరకు కర్నూలు జిల్లాలో చేరి ఉన్న మిడుతూరు ప్రాంతంలో, రోళ్ళపాడు అనే గ్రామం ఉన్నది. ఈ పక్షి కొరకే 1988లో అక్కడ ఆరువందల హెక్టార్లకు కొంచెం మించిన నేలను అభయారణ్యంగా ప్రకటించినారు. పేరుకు అభయారణ్యమే గాని అక్కడ అరణ్యం లేదు. ఉన్నదంతా మోకాటి ఎత్తు గడ్డి, అక్కడక్కడ ముళ్ళపొదలు. అరణ్యం లేకపోవడమే ఆ పక్షికి కావలసినది. అది ఎందుకో దాని కాళ్ళే చెబుతాయి.

మన పెరటి కోడి కాలిని చూడండి. ముందుకు మూడు వ్రేళ్ళు, వెనుకకు ఒకటి. కొమ్మ మీద కూర్చున్నప్పుడు ఆ వెనుక వ్రేలు ముందు వ్రేళ్ళకు ఎదురుగా వచ్చి కొమ్మను పిడికిలివలె పట్టుకొంటుంది. బట్టమేక పిట్టకు ఆ వెనుక వ్రేలు లేనే లేదు. ఉన్న మూడు వ్రేళ్ళు పొట్టివి, లావైనవి, అరికాలు బలమైనది. చెట్టెక్కి కూర్చోవడం దానికి సాధ్యం కాదు. పగలు నడిచేదీ, రాత్రి విశ్రమించేదీ, గుడ్డు పెట్టేదీ నేలమీదనే. గట్టి నేలమీద వేగంగా నడిచే కాలికి వెనుక వ్రేలు అనవసరపు బరువు. ప్రతి అడుగులోను దానిని ఎత్తి దించవలె. అందుచేత నడకనే నమ్ముకొన్న పక్షులలో అది తరతరాలుగా కుదించుకొని పోయి, కడకు మాయమైనది. ఈ మార్పు ఒక్క కుటుంబంలోనే జరిగినది కాదు. కడప జిల్లా శ్రీలంకమల్లేశ్వరం ప్రాంతంలో 1986లో తిరిగి కనుగొన్న కలివికోడికి కూడ మూడే వ్రేళ్ళు. ఆఫ్రికా నిప్పుకోడి ఇంకొక అడుగు ముందుకు పోయి రెండు వ్రేళ్ళతోనే పరుగెత్తుతుంది. ఈ మూడు పక్షులకు దగ్గరి బంధుత్వం లేదు. ఒకే విధమైన నేల, ఒకే విధమైన పని, వేరు వేరు వంశాలను ఒకే అచ్చులో పోసినవి.

ఈ అచ్చు పండితులను కూడ చాలకాలం మోసపుచ్చినది. పొడుగు కాళ్ళు, పొడుగు మెడ చూచి బట్టమేక కుటుంబాన్ని కొంగలవంటి క్రౌంచపక్షుల గణంలో చేర్చినారు. జన్యుపదార్థాన్ని చదవడం చేతనైన తరువాత, 2014లో వెలువడిన విస్తృత పరిశీలనలో, ఈ కుటుంబానికి కోకిల కుటుంబం దగ్గరి చుట్టమని తేలినది. కొమ్మల చాటున దాగి కూసే కోకిలకూ, చెట్టెక్కలేని ఈ పక్షికీ చుట్టరికం అంటే నమ్మబుద్ధి కాదు. రూపం చూచి వంశం నిర్ణయించడంలోని ప్రమాదం ఇదే. రూపం చెప్పేది ముఖ్యంగా బ్రతుకుతెరువును.

ఇక రెక్కల సంగతి. పదిహేను కిలోల బరువుతో ఎగరడమంటే ఎగిరే ప్రాణులకు విధింపబడిన హద్దు దాపుకు పోవడమే. కారణం లెక్కలో ఉన్నది. ఒక పక్షిని పొడవు, వెడల్పు, ఎత్తు అన్నింటిలోను రెండింతలు చేసినామనుకోండి. రెక్కల వైశాల్యం నాలుగింతలవుతుంది, బరువు ఎనిమిదింతలవుతుంది. అనగా ప్రతి చదరపు అంగుళం రెక్కా మునుపటికి రెండింతల బరువు మోయవలె. పక్షి పెద్దదయ్యే కొద్దీ ఈ భారం పెరుగుతూనే ఉంటుంది. ఒక చోట కండరాల శక్తి చాలక, ఎగరడమే మానుకోవలసి వస్తుంది. నిప్పుకోడి ఆ గీత దాటినది. బట్టమేక పిట్ట గీతకు ఈవల, కాని దానికి చాల సమీపంలో నిలిచినది. అది ఎగరగలదు, మైళ్ళకొలది దూరం పోగలదు. చేయలేనిది చటుక్కున మలుపు తిరగడం. రెక్క మీద భారం ఎక్కువైన కొద్దీ మలుపుకు కావలసిన వలయం పెద్దదవుతుంది. సందు మొగలో సైకిలు తిరిగినట్లు బరువెక్కిన లారీ తిరుగజాలదు గదా!

నెమలితో పోల్చి చూస్తే సంగతి మరింత విశదమవుతుంది. నెమలి కూడ నేలమీద తిరిగే పెద్ద పక్షియే. కాని దానికి వెనుక వ్రేలున్నది. చీకటి పడగానే చెట్టెక్కుతుంది. పొట్టి, వెడల్పు రెక్కలతో ఒక్క ఊపున పైకి లేచి, కొద్ది దూరంలోనే దిగుతుంది. చెట్టూ పుట్టా కలిసిన చోటు దానిది. అందుచేతనే ఊరి పక్క తోటలలో కూడ హాయిగా బ్రతుకుతున్నది. మన జాతీయ పక్షిని నిర్ణయించేటప్పుడు పక్షిశాస్త్రజ్ఞుడు సాలిం అలీ బట్టమేక పిట్ట పక్షాన వాదించినాడు. 1963లో ఆ గౌరవం నెమలికి దక్కినది. ఆంగ్లంలో బట్టమేక పిట్ట పేరును ఒక్క అక్షరం తప్పు వ్రాస్తే తిట్టుపదమవుతుందనే భయం కూడ ఇందుకు కొంత కారణమని చెప్పుకొంటారు. ఈ కథలో నిజమెంతయో గాని, ఆ గౌరవం అవసరంలో ఉన్నది ఏ పక్షియో అప్పుడే గుర్తించినవారు కొందరున్నారన్నది నిజం.

ఇంత బరువు ఎందుకు పెరిగినది? ఆహారం ఒక కారణం కావచ్చును; మిడతలు, బల్లులు, రేగుపళ్ళు, ధాన్యపు గింజలు, దొరికినదంతా తింటుంది. కాని మగపక్షి ఆడుదానికి రెండింతలకు మించి ఉండడానికి కారణం వేరు. జతకట్టే ఋతువులో మగపక్షి ఒక మెరక మీద నిలిచి, గొంతు క్రింది సంచిని గాలితో నింపి నేలదాక వ్రేలాడదీసి, తోక నిక్కించి, గంభీరమైన నాదం చేస్తుంది. ఆ నాదం అరకిలోమీటరు దూరం వినబడుతుంది. మంద్రస్థాయి నాదాన్ని గాలీ గడ్డీ త్వరగా మింగివేయలేవు. తీవ్రస్థాయి కూతలు అంత దూరం పోవు. ఆడపక్షులు వచ్చి చూచి, తమకు నచ్చిన మగపక్షిని ఎన్నుకొంటాయి. అన్ని తరాలుగా పెద్దవాటికే ఎన్నికలో మొగ్గు దొరికినది. పిల్లను సాకడంలో మగపక్షికి పని లేదు. ఆ భారమంతా తల్లిదే. అదియు సాధారణంగా ఏటికి ఒక్క గుడ్డు, గూడు కూడ లేని కటిక నేలమీద.

ఇప్పుడు కంటి వద్దకు వస్తాము. ఈ ప్రసంగానికి అసలు మలుపు ఇక్కడనే ఉన్నది.

విశాలమైన మైదానంలో తలవంచి మేసే ప్రాణికి వెనుకనుండి వచ్చే నక్కను, పక్కనుండి వచ్చే గ్రద్దను చూడడం ముఖ్యం. అందుచేత దాని కళ్ళు తలకు ఇరుపక్కల అమరినవి. జింకకు, కుందేలుకు, కోడికి అంతే. రెండు కళ్ళూ కలిసి ముందువైపు చూడగలిగిన భాగం చాల ఇరుకు. ముక్కుతో మిడతను గురిచూచి పొడవడానికి చాలినంత మాత్రమే. గుడ్లగూబ కళ్ళు ముందుకు ఉంటాయి. దానికి ముందుచూపు బాగా ఉన్నది. వెనుక ఏమున్నదో చూడవలెనంటే తల తిప్పవలె. ప్రకృతి ఒకటి ఇచ్చి ఇంకొకటి తీసుకొంటుంది. రెండూ ఒక్కరికే ఇవ్వదు.

బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్రహామ్ మార్టిన్, దక్షిణాఫ్రికాలో పరిశోధన చేసిన జెస్సికా షా కలిసి 2010లో ఒక పరిశీలన ప్రకటించినారు. వారు పరీక్షించినది కోరీ అనే ఆఫ్రికా బట్టమేక పక్షిని. అది మన పక్షికి ఒకే ప్రజాతిలోని చుట్టం, దేహనిర్మాణంలో దాదాపు అదే. ఎగిరే పక్షి తన తలను 25 డిగ్రీలు క్రిందికి వంచితే చాలు, తాను పోతున్న దిక్కున దానికి ఏమీ కనబడదని వారు తేల్చినారు. మసకగా కనబడడం కాదు, పూర్తిగా కనబడదు. ఆకాశంలో పోతున్న పక్షి తల ఎందుకు వంచుతుంది? క్రింద మేత ఎక్కడ ఉన్నదో, తోటి పక్షులు ఎక్కడ దిగినవో చూడడానికి. అనగా అది చేయవలసిన పనిని శ్రద్ధగా చేస్తున్న క్షణంలోనే ముందున్న దానికి గ్రుడ్డిది అవుతున్నది.

దీనిని లోపమనరాదు. గడ్డిమైదానం మీది ఆకాశంలో, నేలకు ఇరవై ముప్పై మీటర్ల ఎత్తున, లక్షల సంవత్సరాలుగా ఏ అడ్డమూ లేదు. లేని దానిని చూచే కన్ను ఎందుకు ఏర్పడుతుంది? శత్రువు వచ్చేది వెనుకనుండి, పక్కనుండి. ఆహారం ఉండేది క్రింద. ఆ మూడు దిక్కులు చూడడానికి ఆ కన్ను సర్వోత్తమం. ఆ ఖాళీ ఆకాశంలో మనం విద్యుత్తు తీగ కట్టినాము.

తీగకు ఎదురుగా వచ్చిన బట్టమేక పిట్ట సంగతి ఇప్పుడు మీరే ఊహించవచ్చును. మొదట దానికి తీగ కనబడదు. కడపటి క్షణంలో కనబడినా బరువైన దేహం పక్కకు మలగదు. కాళ్ళలో, రెక్కలలో, కళ్ళలో విడివిడిగా ఉన్న మూడు గుణాలు అక్కడ ఒక్కటై దానిని చంపుతాయి. భారత వన్యప్రాణి సంస్థ శాస్త్రజ్ఞులు రాజస్థాన్ థార్ ఎడారి ప్రాంతంలో తీగల వెంబడి నడిచి, పడిన పక్షులను లెక్కించి చూచినారు. ఆ ప్రాంతంలో ఏటా సుమారు 18 బట్టమేక పిట్టలు తీగల వలన చనిపోతున్నవని వారి అంచనా. పద్దెనిమిది అంటే చిన్న సంఖ్యగా తోచవచ్చును. 2018 నాటి అంచనాల ప్రకారం థార్‌లో ఉన్నవి సుమారు 128. దేశం మొత్తం మీద సుమారు 150. ఏడింటిలో ఒకటి ఏటా పోతున్నది. వచ్చేదా, ఏటికి తల్లికి ఒక్క గుడ్డు; ఆ గుడ్డు కూడ నక్క, కుక్క, ఉడుము కంటబడకుండా ఉంటేనే.

ఎల్లకాలం ఇంత తక్కువగా లేవు. పందొమ్మిదవ శతాబ్దపు తొలిభాగంలో దక్కనులో ఒకే ఒక దొర సుమారు వేయి పక్షులను కాల్చినట్లు సైక్స్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు వ్రాసినాడు. 1969లో దేశమంతటా ఉన్నవి సుమారు 1260 అని ధర్మకుమార్‌సింహ్‌జీ అంచనా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించినది. తుపాకి ఆగినా తగ్గుదల ఆగలేదు. గడ్డినేలలు పొలాలైనవి, ఊరకుక్కలు పెరిగినవి, ఆ తరువాత తీగలు వచ్చినవి. 2011లో ఈ జాతిని అంతరించిపోయే అంచున ఉన్నవాటి పట్టికలో చేర్చినారు.

పరిణామం లక్షల ఏండ్లుగా ఈ పక్షిని తీర్చిదిద్దినది గదా, ఈ కొత్త ప్రమాదానికి తగినట్లు మరల దిద్దలేదా అని అడగవచ్చును. ప్రశ్న సమంజసమే. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో వంతెనల క్రింద మట్టిగూళ్ళు కట్టుకొనే వానకోవెల జాతి పక్షులను బ్రౌన్ దంపతులు ముప్పై ఏండ్లు గమనించినారు. మోటారుబండ్ల క్రింద పడి చనిపోయిన పక్షుల రెక్కలు మిగిలినవాటి కంటె పొడవుగా ఉన్నవి. బ్రతికిన గుంపులో సగటు రెక్క క్రమంగా పొట్టిదైనది. పొట్టి రెక్క పక్షి రోడ్డు మీదినుండి నిటారుగా లేచి తప్పుకొంటుంది. 2013లో వారు దీనిని ప్రకటించినారు. కళ్ళముందే జరిగిన పరిణామం ఇది. కాని అవి వేలకొలది పక్షులు, ఏటేటా పలు పిల్లలను చేసేవి; వాటిలో పొట్టి రెక్కలూ పొడుగు రెక్కలూ ముందునుండే ఉన్నవి. ఎన్నుకోవడానికి రకాలున్నప్పుడే ఎన్నిక సాధ్యం. 2011లో వెలువడిన ఒక జన్యు పరిశీలనలో మన బట్టమేక పిట్టలలో వైవిధ్యం మిక్కిలి స్వల్పమని తేలినది. కన్ను ముందుకు జరగవలెనంటే కపాలమే మారవలె; అది జరిగిననాడు వెనుకచూపు పోతుంది, నక్క కాచుకొనే ఉన్నది. నూటయాభై పక్షులకు అంత వ్యవధి లేదు.

కనుక పక్షి మారదు, మారవలసినది తీగ. తీగలకు కనబడే బిళ్ళలు, చుట్టలు తగిలించడం సులభమైన ఉపాయం. దీనివలన ఎన్నో పక్షులు బ్రతుకుతున్న మాట నిజం. దక్షిణాఫ్రికాలోని కరూ ప్రాంతంలో పెద్దయెత్తున ప్రయోగం చేసి 2021లో ఫలితం ప్రకటించినారు. బిళ్ళలు కట్టిన తీగలవద్ద నీలి క్రౌంచపక్షుల మరణాలు బాగా తగ్గినవి. బట్టమేక పక్షుల మరణాలు మాత్రం తగ్గలేదు. కంటిని గురించి పైన చెప్పినది గుర్తున్నవారికి ఇందులో ఆశ్చర్యం ఉండదు. చూడని వానికి ఎంత పెద్ద బోర్డు కట్టి ఏమి ప్రయోజనం? మిగిలిన మార్గాలు రెండు: తీగను భూమిలో పాతిపెట్టడం, లేదా పక్షి తిరిగే దారికి దూరంగా మళ్ళించడం.

రెండూ ఖర్చుతో కూడినవి. 2021 ఏప్రిలులో సుప్రీంకోర్టు పక్షి తిరిగే ప్రాంతాలలో సాధ్యమైనచోట్ల తీగలను భూగర్భంలో వేయవలెననీ, అంతవరకు బిళ్ళలు తగిలించవలెననీ ఆదేశించినది. అధిక వోల్టేజి తీగలను అంత దూరం భూమిలో వేయడం సాంకేతికంగా కష్టమనీ, ఎడారిలోని సౌరవిద్యుత్తు దేశానికి అత్యవసరమనీ ప్రభుత్వం విన్నవించినది. 2024 మార్చిలో న్యాయస్థానం తన మునుపటి ఆదేశాన్ని సవరించి, నిపుణుల సంఘాన్ని నియమించినది. ఇందులో ఒక పక్షం దుర్మార్గులు, ఇంకొక పక్షం సజ్జనులు అని చెప్పడానికి లేదు. బొగ్గు కాల్చడం తగ్గించే సౌరవిద్యుత్తు కూడ ప్రాణరక్షణయే. ఈ ప్రసంగం మీ ఇంటికి చేరడానికి కూడ ఏదో ఒక తీగ కావలసి వచ్చినది. కాని ఎడారి అంతటా ఉన్న తీగలన్నీ ఒకే విధంగా ప్రమాదకరం కావు. పక్షులు మేతకు, గుడ్లు పెట్టే చోటికి నిత్యం దాటే తీగలు కొన్నే. వాటిని ముందుగా పూడ్చడానికి లెక్క కట్టినప్పుడు ఒక పక్షి విలువ ఎంత అని ఎవరూ వ్రాయలేరు. వ్రాయలేని అంకె లెక్కలో సున్నాగా మిగిలిపోతున్నదేమోననే నా అనుమానం.

ఈలోగా జైసల్మేరు దగ్గర సమ్ అనే చోట 2019 నుండి గుడ్లను సేకరించి, పొదిగించి, పిల్లలను పెంచుతున్నారు. 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణ వలన తొలి పిల్ల పుట్టినది. 2025 నాటికి కేంద్రాలలోని పక్షులు అరవైకి పైబడినవి. ఇది గొప్ప ఆశ. అయితే ఆ పిల్లలకు కూడ కళ్ళు తలకు ఇరుపక్కలనే ఉన్నవి. వాటిని ఒకనాడు బయటకు వదలవలె. వదలడానికి గడ్డినేల కావలె.

గడ్డినేల దొరకడం తేలిక కాదు. మన రెవిన్యూ లెక్కలలో గడ్డినేలకు తరచుగా దక్కే పేరు బంజరు. బంజరు అనగానే దున్నుదామని ఒకరు, చెట్లు నాటుదామని ఒకరు ముందుకు వస్తారు. చెట్లు నాటడం పుణ్యకార్యమని చిన్ననాటినుండి విన్నాము. ఎడారి అంచున, మెట్టసీమలో, బట్టమేక పిట్ట తిరిగే చోట మాత్రం నాటిన ప్రతి చెట్టూ దానికి ఒక గోడ. దూరం చూడలేనిచోట అది నిలువదు.

రోళ్ళపాడులో గడ్డి ఉన్నది. కృష్ణజింకలు గుంపులుగా ఉన్నవి. పక్క పొలాలలో పడి పైరు మేస్తున్నవని రైతులు మొరపెట్టుకొనేటన్ని ఉన్నవి. 1980లలో పదుల సంఖ్యలో తిరిగిన బట్టమేక పిట్ట మాత్రం ఇటీవలి కాలంలో అక్కడ కనబడడమే మిక్కిలి అరుదు. మైళ్ళు తిరిగే పక్షికి ఆరువందల హెక్టార్లు ఒక మజిలీ మాత్రమే. కంచె వెలుపలి మెట్టపొలాలు, బీళ్ళు కూడ దాని సంసారంలోనివే. ఆ పొలాలకు సాగునీరు వచ్చి పంటల తీరు మారినది, గట్ల వెంబడి స్తంభాలు లేచినవి. అభయారణ్యం హద్దురాళ్ళు వేసినప్పుడు లెక్కకు రానిది ఆ వెలుపలి భూమి.